మూకుడుకు పట్టిన నీలం కవరు

వరలక్ష్మీ వ్రతం పూట వంటింట్లో మగవాళ్ళకు పని చెప్పకూడదన్న సంగతి కోనసీమలోని మా పిన్నికి తెలియనిది కాదు. అయినా పరమాన్నంలోకి జీడిపప్పు వేయించిన మూకుడును ఒక్క నిమిషం దించమని ఆమె మా బాబాయిని అడిగింది. ఆయన పట్టకారుతో జాగ్రత్తగానే దించి, గట్టు మీద మడత పెట్టి ఉన్న నీలం రంగు వస్తువును మసిగుడ్డ అనుకుని, దాని మీద ఎంతో మర్యాదగా కూర్చోబెట్టారు. అది రావులపాలెం నుంచి అరటిపళ్ళు వచ్చిన కవరు.

పల్చని పాలిథీన్ కవరు కరగడానికి సుమారు 110 డిగ్రీల సెల్సియస్ వేడి చాలు. అప్పుడే మంట మీద నుంచి దిగిన మూకుడు అడుగు అంతకంటే ఎంతో వేడిగా ఉంటుంది. పిన్ని తిరిగి చూసేసరికి, సారెలో పుట్టింటివారు పెట్టిన ఆ స్టీలు మూకుడు నీలం రంగు అడుగుతో, చెప్పుకోలేని వాసనతో వెలిగిపోతున్నది. బూరెల పిండి, పూర్ణం పక్కనే ఎదురుచూస్తున్నాయి.

మళ్ళీ పొయ్యి మీద పెట్టి కాల్చేస్తే పోతుందని బాబాయి అన్నారు. కరిగిన ప్లాస్టిక్ బర్నరులోకి కారుతుందనీ, ఆ పొగ పీల్చడం మంచిది కాదనీ పిన్ని చెప్పిన తరువాత ఆయన ఆ రోజంతా సలహా ఇవ్వలేదు. ఆ లోటును వీధి తీర్చింది. పక్కింటి అత్తయ్యగారు అజ్జరం ఇత్తడి బిందెలు తోమిన అనుభవంతో చింతపండు తెచ్చారు. కాని పులుపు కరిగించేది ఇత్తడికి పట్టిన చిలుమునే గాని పాలిథీన్‌ను కాదు. ఎదురింటి అన్నయ్యగారు బాత్రూము కడిగే యాసిడ్ తెచ్చి, పిన్ని వారిస్తున్నా నాలుగు చుక్కలు వేశారు. కాకినాడలో చదువుకునే వారి అమ్మాయి గోళ్ళ రంగు తుడిచే మందు తెచ్చింది. ఆ యాసిడూ, ఆ మందూ ప్లాస్టిక్ సీసాల్లోనే వచ్చాయన్న విషయం పిన్ని ఒక్కతే గమనించింది. కవరును కరిగించగల ద్రవమే అయితే, అది సీసాను కరిగించకుండా కొట్టు నుంచి ఇంటిదాకా ఎలా వచ్చిందని ఆమె అడిగిన ప్రశ్నకు, యాసిడ్ నెమ్మదిగా పని చేస్తుందని అన్నయ్యగారు జవాబిచ్చారు.

వేడితో అంటుకున్నది చలితో వదులుతుందని ఆమెకు తోచింది. చల్లబడినప్పుడు ప్లాస్టిక్ స్టీలు కంటే చాలా ఎక్కువగా ముడుచుకుంటుంది కనుక రెండింటి మధ్య పట్టు సడలుతుంది. మూకుడు పట్టేంత పెద్ద ఫ్రీజరు మాత్రం అత్తయ్యగారింట్లోనే ఉన్నది, అందులో అల్లుడి కోసం దాచిన పులస ముక్కలున్నాయి. వ్రతం నాడు చేపల పక్కన మూకుడు పెట్టడమా అన్న చర్చ, మూకుడు చల్లారడానికి పట్టినంత సేపు సాగింది. చివరకు మూకుడును పాత పంచెలో చుట్టి లోపల పెట్టారు. బూరెలు అత్తయ్యగారి మూకుట్లోనే వేగాయి.

పూజ ముగిసిన తరువాత మూకుడు తీసి, చెక్క అట్లకాడ అంచుతో నెడితే నీలం పొర పెద్ద పెద్ద పెళ్ళలుగా ఊడి వచ్చింది. అంచుల్లో మిగిలిన మరకను తడిపిన వంటసోడాతో, కొబ్బరి పీచుతో రుద్దితే అదీ పోయింది. తాంబూలానికి వచ్చిన ఆడవాళ్ళంతా తోరాలు చూసుకోవడం మాని మూకుడు అడుగును చూశారు.

అన్నయ్యగారు కూడా చూశారు. "చెప్పాను కదా చెల్లెమ్మా, నెమ్మదిగానే పని చేస్తుందండి ఆయ్," అన్నారు. బాబాయి వెంటనే తల ఊపారు. పిన్ని నాలుగు బూరెలు ఆకులో కట్టి, వాటి మీద యాసిడ్ సీసాను పెట్టి ఆయన చేతికిచ్చి, "అయితే అన్నయ్యగారూ, రేపటికల్లా ఈ సీసా కూడా కరిగిపోతుంది, కాస్త చూసుకోండి," అన్నది.