గంటకి లక్షా ఇరవై వేల అగ్గిపుల్లలు

మా హాల్లో కిటికీ కర్టెన్ గంటకి ఎనిమిదిసార్లు లేచి నిలబడుతుంది. కిటికీ బిగించే ఉంటుంది, బయట గాలీ ఉండదు. కింద బేస్‌మెంట్‌లో ఇంటిని వెచ్చబెట్టే కొత్త గ్యాస్ ఫర్నేస్ ధుమ్మని అంటుకోగానే నేలలో జాలీలోంచి వేడిగాలి తన్నుకొస్తుంది, కర్టెన్ నడుం ఎత్తు దాకా ఎగురుతుంది. రెండు నిమిషాలయ్యాక ఠక్కున కూలబడుతుంది. ఐదారు నిమిషాలు గడిచాయో లేదో మళ్లీ ధుమ్. ఈ హోరులో డైలాగులు వినబడక సౌండు పెంచుతూ, తగ్గిస్తూ మా ఆవిడ టీవీ రిమోట్‌ని చేతిలోంచి కింద పెట్టడమే మానేసింది.

పాత ఫర్నేస్ అలాంటిది కాదు. ఇరవై రెండేళ్లు నోరెత్తకుండా పనిచేసింది. చలికాలం మధ్యలో ఒకరోజు, చూడ్డానికొచ్చినాయన లోపలికి లైటు వేసి, "మంట వేడిని గాలికి అందించే హీట్ ఎక్స్‌ఛేంజర్ చీలింది. కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకొచ్చే ప్రమాదం ఉంది, ఇక దీన్ని వెలిగించకండి" అని గ్యాస్ కట్టేసి, ఎర్ర చీటీ ఒకటి తగిలించి వెళ్లిపోయాడు. ఇంట్లో రెండు స్వెటర్లేసుకుని తిరిగే మనిషి బుద్ధి ఎంత పనిచేస్తుందో, నాదీ అంతే పనిచేసింది. బావమరిదికి ఫోన్ చేశాను.

"పాతది ఎంత బావా?" అన్నాడు.

బోర్లా పడుకుని, ఫోన్ లైటు వేసి, నేమ్ ప్లేట్ మీద దుమ్ము తుడిచి చదివాను. ఇన్‌పుట్ గంటకి 1,00,000 బీటీయూ (వేడిని కొలిచే యూనిట్). దాని కిందే అవుట్‌పుట్ 80,000 అని ఇంకో అంకె ఉంది. మొదటిదే ఘనంగా ఉందని అదే చెప్పాను. మండే గ్యాస్ ఒక లెక్క, ఇంటికి అందే వేడి ఇంకో లెక్క అని అప్పటికి నాకు తెలీదు. పాతవాటిలో ఐదో వంతు పొగగొట్టం దారిన పోతుంది.

"వెనక బెడ్‌రూమ్ ఎప్పుడూ చల్లగానే ఉంటుందిగా? అంటే లక్ష చాలట్లేదన్నమాట. 1,20,000 కొట్టేయ్ బావా. పిల్లలకి చొక్కా ఎప్పుడూ ఒక సైజు పెద్దదే కొంటాం కదా!"

ఆ పూట నాకది ఉపనిషత్ వాక్యంలా వినిపించింది. పిల్లాడు పెరుగుతాడు, ఇల్లు పెరగదు అన్న సంగతి తట్టనే లేదు.

బిగించడానికొచ్చినతను కూడా నా బుర్రకి శ్రమ ఇవ్వలేదు. గుమ్మంలో నిలబడి ఇంటిని ఎగాదిగా చూసి, ఎన్ని చదరపు అడుగులని అడిగి, ఆ అంకెని ఇంకేదో అంకెతో గుణించాడు. కిటికీలు రెండద్దాలవా ఒకటా, అటక మీద ఇన్సులేషన్ ఎంత మందం, ఏమీ అడగలేదు. కంటికొలతతో చొక్కా కుట్టేవాళ్లని చూశాను గానీ, వాళ్లు కనీసం భుజాలైనా చూస్తారు. నేను 1,20,000 అనగానే మహా తెలివైన నిర్ణయమని మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు దగ్గరైనా నాకు అనుమానం రావాల్సింది.

ఒక అగ్గిపుల్ల మొత్తం కాలితే వచ్చే వేడి దాదాపు ఒక బీటీయూ. అంటే మా బేస్‌మెంట్‌లో దిగింది గంటకి లక్షా ఇరవై వేల అగ్గిపుల్లలు, సెకనుకి ముప్పై మూడు చొప్పున గీసే యంత్రం. అది పిచ్చుక మీదికి బ్రహ్మాస్త్రం వదిలినట్టు ఒక్కసారి భగ్గుమనగానే వేడి చూసి ఫర్నేస్‌ని ఆపే థర్మోస్టాట్ ఉన్న హాలు కొలిమి అయిపోతుంది, వెంటనే ఆగిపోతుంది. వెనక బెడ్‌రూమ్‌కి కబురందేలోపే అంతా అయిపోతుంది. కొన్నిసార్లు థర్మోస్టాట్ దాకా కూడా రాదు. ఆ వేడిని మోసుకెళ్లేంత గాలి గదులకి గాలి మోసే మా ఇరుకు గొట్టాల్లో, అదే డక్టుల్లో, పట్టక, లోపల వేడి మితిమీరితే ఆపే లిమిట్ స్విచ్ హడలిపోయి మంట ఆర్పేస్తుంది.

"కొత్తది కదా, సర్దుకుంటుందిలే" అన్నాను, కొత్త చెప్పుల గురించి అన్నట్టు.

మా ఆవిడ ఏమీ అనలేదు. ఆ శీతాకాలంలో అన్నిటికంటే చలిగా ఉన్న రాత్రి రెండు గంటలకి నాకు మెలకువొచ్చి చూస్తే, సోఫాలో దుప్పటి కప్పుకుని, పాత పద్దుల నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకుని, గడియారం వంక చూస్తూ కూర్చుంది. "పడుకోవా?" అంటే "ష్" అంది. ధుమ్మనగానే ఒక టైము, ఆగగానే ఒక టైము రాసుకుంటోంది. మూడింటికి లెక్క కట్టింది. పదకొండుసార్లు వెలిగింది, అన్నీ కలిపి 23 నిమిషాలు. "గంటలో 37 నిమిషాలు మీ ఫర్నేస్ విశ్రాంతి తీసుకుంటోందండీ, అదీ ఇంత చలిలో" అని దీపమార్పి వెళ్లి పడుకుంది. నేను కొన్నది కాబట్టి అది 'మీ ఫర్నేస్' అయింది.

ఈసారి వేరే టెక్నీషియన్‌ని పిలిచాం. పెద్దాయన. ఫర్నేస్ మొహం చూడకుండా ముందు టేపు తీసి కిటికీలు కొలిచాడు. గోడలు తట్టాడు, తలుపుల కింద సందులు చూశాడు. మాన్యువల్ జె అనే పద్ధతి ఒకటుందట, ఇల్లు గంటకి ఎంత వేడి పోగొట్టుకుంటుందో దాంతో తేలుస్తారట. ఏడాదిలో ఉన్న 8,760 గంటల్లో 99 శాతం గంటలు ఏ చలిని దాటి పోవో, ఆ చలికి కడతారు లెక్క.

"మరి మిగిలిన 88 గంటలు?" అన్నాను. నాలాంటివాడికి ముందు అదే కనబడుతుంది.

"ఓ డిగ్రీ రెండు డిగ్రీలు తగ్గితే స్వెటర్ వేసుకోండి" అన్నాడు.

తేలిన అంకె 44,000. మా ఆవిడ నోట్‌బుక్ చేతికిచ్చింది. ఆయన కాలిక్యులేటర్ తీశాడు. 95 శాతం సామర్థ్యం గనక అవుట్‌పుట్ 1,14,000, ఇంటూ 23, బై 60. ఆ చలి రాత్రి గంటలో ఇంటికి అందిన వేడి 43,700. ఆయన మా ఆవిడ వైపు చూసిన చూపులో గౌరవం ఉంది. నా వైపు చూడలేదు.

నలభై శాతం దాకా పెద్దదైనా ఫరవాలేదట, అంటే 60,000ది సరిపోయేది. పోయిన పాతది కూడా మా ఇంటికి పెద్దదే. దాని నేమ్ ప్లేట్ కోసం నేను నేల మీద బోర్లా పడుకోవాల్సిన పనే లేదు.

"మరి వెనక బెడ్‌రూమ్ చల్లగా ఎందుకుండేది?" అన్నాను, ఆఖరి అస్త్రంగా.

ఆయన అటకెక్కి, జుట్టంతా దుమ్ముతో దిగాడు. ఆ గదికెళ్లే డక్టు అతుకు దగ్గర ఊడి పక్కకి వాలిందట. ఎన్నేళ్లుగానో మేం అటకని శ్రద్ధగా వెచ్చబెడుతున్నాం. అల్యూమినియం టేపు చుట్టి పది నిమిషాల్లో సరిచేశాడు. డక్ట్ టేప్ అని పేరున్న గుడ్డ టేపు డక్టులకి నిలవదట, అదో వింత. ఆ సాయంత్రం వెనక గది మొదటిసారి వెచ్చగా ఉంది. మేం అక్కడ కూర్చోలేదు. ఏం చెయ్యాలో తోచక గుమ్మంలో నిలబడి చూశాం.

రాత్రి బావమరిది ఫోన్. విషయమంతా విని ఏమాత్రం చలించలేదు. "మాదీ మూలుగుతోంది బావా. మీరెలాగూ చిన్నది పెట్టుకుంటారు కాబట్టి ఆ 1,20,000 నాకిచ్చెయ్యండి."

మా ఆవిడ ఫోన్ అందుకుంది. "తీసుకెళ్దువుగాని. ముందు ఒక చలి రాత్రి మేలుకుని, మీది ఎన్ని నిమిషాలు నడుస్తుందో రాసుకురా."

"నిమిషాలెందుకక్కా? మా ఇల్లు మీకంటే ఒక సైజు పెద్దదేగా!"