మీడియా అండ్ సొసైటీ మాస్టర్స్‌లో అన్నీ ఉంటాయి, అసలు సమస్య అదే

మీడియా అండ్ సొసైటీలో మాస్టర్స్ చేద్దామనుకునేవాళ్లు ముందు ర్యాంకింగ్ అడుగుతారు, తర్వాత ఉద్యోగాల సంగతి అడుగుతారు. మెథడ్స్ (పరిశోధన పద్ధతుల) పేపర్లు ఎన్ని, ఎవరు చెబుతారు అని అడిగేవాళ్లు మాత్రం అరుదు. ఈ కోర్సులో తేలేదీ మునిగేదీ అక్కడేనండీ.

ముందు ఒక అపోహ వదిలించుకోండి. ఇది జర్నలిజం కోర్సు కాదు. రిపోర్టింగ్, కెమెరా, ఎడిటింగ్ ఇక్కడ ఉంటే గింటే ఒక ఎలక్టివ్‌లో పైపైన ఉంటాయి. ఇక్కడ నేర్పేది మీడియాను పరిశోధించడం. అందుకోసం సోషియాలజీ, పొలిటికల్ సైన్స్, ఆంత్రపాలజీ, కల్చరల్ స్టడీస్, లా, ఈమధ్య కాస్త ప్రోగ్రామింగ్ కూడా కలిపి వడ్డిస్తారు. వినడానికి బాగుంటుంది. ఏడాది తిరిగేసరికి చాలామంది పరిస్థితి ఏమిటంటే, హేబర్‌మాస్, స్టువర్ట్ హాల్ లాంటి సిద్ధాంతకర్తల పేర్లు తెలుసు, వంద వార్తలు చేతికిచ్చి వీటిలో ఏముందో తేల్చమంటే చేయి ఆడదు. దీన్నే మల్టీడిసిప్లినరీ అని గొప్పగా చెప్పుకుంటాం. నేను దీన్ని నేల విడిచి సాము అంటాను.

బ్రోషర్ చూసి మోసపోకుండా ఉండాలంటే ఒక పని చేయండి. ఆ విభాగం పాత థీసిస్‌లు యూనివర్సిటీ రిపాజిటరీలో దొరుకుతాయి. ఓ అయిదు తెరిచి నేరుగా మెథడ్ అధ్యాయానికి వెళ్లండి. ఎంత మెటీరియల్, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎలా ఎంచుకున్నారు, ఏం వదిలేశారు, ఎందుకు వదిలేశారు, ఇవన్నీ రాసి ఉంటే అక్కడ ఎవరో ఒకరు గట్టిగా నేర్పుతున్నారని అర్థం. గుణాత్మక పద్ధతిని అనుసరించాం అని రెండు పేరాల్లో ముగించేస్తే ఇంకో యూనివర్సిటీ వెతుక్కోండి. థీసిస్‌కు ఎన్ని క్రెడిట్లు ఇచ్చారో కూడా చూడండి. యూరప్ లెక్కలో ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. 30 క్రెడిట్ల థీసిస్ అంటే 750 నుంచి 900 గంటలు. మీ ప్రశ్న ఈ గంటల్లో ఇమడాలి.

ఇమడదు. ఎందుకంటే అందరూ తెచ్చే టాపిక్ ఒక్కటే: యువతపై సోషల్ మీడియా ప్రభావం. ఏ యువత? ఏ సోషల్ మీడియా? వీడియోలు చూడటమా, కామెంట్లు రాయడమా, పడుకునే ముందు వేలితో తోసుకుంటూ పోవడమా? వీటన్నిటికంటే ప్రభావం అనే మాటతోనే పెద్ద చిక్కు. ఆ మాట వాడారంటే ఇది దానికి కారణం అని నిరూపిస్తానని ఒప్పుకున్నట్టే. అందుకు ప్రయోగమైనా చేయాలి, ఒకే మనుషుల్ని కొన్నాళ్ల తేడాతో మళ్లీ మళ్లీ కొలవనైనా కొలవాలి. ఒక్కసారి గూగుల్ ఫామ్ పంచి, స్నేహితులతో నింపించి, ప్రభావం ఉందని తేల్చడం పరిశోధన కాదు.

నా దృష్టిలో ఈ సబ్జెక్టులో మెటీరియల్ దొరికే చోట్లు నాలుగే. తయారుచేసేవాళ్లు, తయారైనది, దాన్ని చూసేవాళ్లు, దాన్ని చేరవేసే యంత్రాంగం. ప్రశ్న ఏ చోటు గురించో డేటా ఆ చోటు నుంచే రావాలి. ఇంత మామూలు సంగతి సగం థీసిస్‌లలో తప్పుతుంది. పంపినవాళ్లు పెట్టిన అర్థం, చూసినవాళ్లు తీసుకున్న అర్థం ఒకటే కానక్కర్లేదని హాల్ 1973లో రాశాడు. విద్యార్థులు ఆయన్ని మొదటి పేజీలోనే ఉటంకించి, పది ఎపిసోడ్లు తామే చూసి, ప్రేక్షకులు దీన్ని ఇలా నమ్ముతున్నారు అని రాసేస్తారు. ఒక్క ప్రేక్షకుణ్ణయినా అడిగారా? మీడియా పరిశోధకుడు డేవిడ్ మోర్లీ అడిగాడు. ఒక బీబీసీ కార్యక్రమాన్ని 29 బృందాలకు చూపించి, వాళ్లు మాట్లాడుకున్నది విని 1980లో ప్రచురించాడు. హాల్ అన్న తేడాలు ఉన్నాయి గానీ, అవి వర్గాన్ని బట్టి మాత్రమే నీటుగా విడిపోలేదని తేలింది. కుర్చీలో కూర్చుని ఎపిసోడ్లు చూస్తే ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

రెండు శాఖలు నిజంగా కలిస్తే ఎలా ఉంటుందో చూడాలంటే మీడియా పరిశోధకులు మెక్‌కాంబ్స్, షా అమెరికాలోని చాపెల్ హిల్‌లో చేసిన అధ్యయనం చదవండి. 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు, ఎవరికి ఓటేయాలో ఇంకా తేల్చుకోని 100 మందిని ముఖ్యమైన సమస్యలేవని అడిగారు. వాళ్లకు అందుబాటులో ఉన్న పత్రికలు, టీవీ వార్తలు ఏ సమస్యకు ఎంత చోటిచ్చాయో విడిగా లెక్కపెట్టారు. రెండు జాబితాలూ పక్కపక్కన పెడితే దాదాపు సరిపోయాయి. 1972లో అచ్చయింది. చిన్న ప్రశ్న, రెండు రకాల డేటా, రెండు శాఖల పనిముట్లు. మీడియా వల్లే జనం అలా అనుకున్నారా, జనం అనుకునేదే మీడియా రాసిందా అన్నది మాత్రం దాంతో తేలలేదు, తర్వాతి అధ్యయనాలకు మిగిలింది. మాస్టర్స్ థీసిస్ కూడా ఈమాత్రం నిజాయితీగా ఉంటే చాలు.

ఇక కంటెంట్ అనాలిసిస్, అంటే వార్తల్లో ఏముందో కేటగిరీలుగా గుర్తించి లెక్కపెట్టడం. సులువనుకుని అందరూ దిగేది ఇందులోకే, ఎక్కువమంది జారిపడేదీ ఇక్కడే. ఉదాహరణకు, వలస కార్మికుల మీద వచ్చిన వార్తల్లో కార్మికుడే స్వయంగా మాట్లాడాడా అనేది మీ ప్రశ్న. జవాబు అవును లేదా కాదు. ఫొటో కింద వేసిన అతని మాట లెక్కలోకి వస్తుందా? సంఘం నాయకుడు ఒకప్పటి కార్మికుడే అయితే? ఇలాంటివన్నీ కోడ్‌బుక్‌లో, అంటే ఏ వార్తకు ఏ జవాబు రాయాలో చెప్పే నియమాల పత్రంలో, ముందే రాసుకోవాలి. అసలు శాంపిల్‌లో లేని ఓ 30 వార్తల మీద ఇద్దరు విడివిడిగా కోడ్ చేసి (ఆ నియమాల ప్రకారం జవాబులు గుర్తించి), ఎక్కడెక్కడ తేడా వచ్చిందో కూర్చుని తేల్చుకుని, కోడ్‌బుక్ మళ్లీ రాయాలి. ఆ తర్వాతే అసలు పని.

ఇద్దరికీ 85 శాతం కుదిరింది అని రాసి సంతోషపడకండి. ఇద్దరు కోడర్లూ నూటికి 90 వార్తల్లో కాదు అనే రాస్తున్నారనుకోండి. వార్త చదవకుండా కళ్లు మూసుకుని ఆ పాళ్లలో రాసినా 82 శాతం కుదురుతుంది: 0.9ని 0.9తో గుణిస్తే 0.81, 0.1ని 0.1తో గుణిస్తే 0.01, రెండూ కలిపితే 0.82. అంటే మీ 85లో మీ కష్టం మూడే. అలా గుడ్డిగా కుదిరిన భాగాన్ని తీసేసి చూసే కొలత, కోహెన్ కాపా, లెక్క కడితే 0.17 దగ్గర వస్తుంది. అలాంటిదే మరో కొలత, క్రిపెన్‌డార్ఫ్ ఆల్ఫా, వాడితే 0.80 ఉండాలి, తాత్కాలికంగానైనా ఏదో ఒకటి అనాలంటే 0.667 కంటే తగ్గకూడదు. అరుదుగా వచ్చే కేటగిరీ ఉంటే ఇద్దరూ కోడ్ చేసే వార్తల సంఖ్య పెంచండి. 20 వార్తల్లో అవును అనేవి రెండే ఉంటే, ఒక్కదాని దగ్గర మాట తేడా వచ్చినా అంకె కుప్పకూలుతుంది.

ఇంటర్వ్యూలైతే గంట రికార్డింగ్‌ను అక్షరాల్లో పెట్టడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. సాఫ్ట్‌వేర్ ఉందిగా అంటారు. రెండు భాషలు కలిపి మాట్లాడేవాళ్ల దగ్గర అది చేసిన తప్పులు దిద్దుకోవడానికే సగం రోజు పోతుంది.

ప్లాట్‌ఫామ్ డేటా మీద ఆశ పెట్టుకున్నవాళ్లకు ఒక మాట. 2019 నాటి వ్యాసంలోని పద్ధతిని కాపీ కొడితే నడవదు. ప్రోగ్రాముతో పోస్టులు సేకరించుకునే దారి, ట్విటర్ ఉచిత ఏపీఐ, 2023లో ఆగిపోయింది, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు వెతికే పనిముట్టు క్రౌడ్‌టాంగిల్‌ను మెటా 2024 ఆగస్టులో మూసేసింది. చేత్తో సేకరించే చిన్న శాంపిల్ ప్లాన్ ఒకటి పక్కన ఉంచుకోండి. చూసిన ప్రతి పోస్టుకూ స్క్రీన్‌షాట్, లింకు, తేదీ, సమయం అప్పటికప్పుడే దాచాలి, రేపటికి డిలీట్ కావచ్చు. వెతకడానికి మీ సొంత అకౌంట్ వాడితే మీ పాత లైకులు ఫలితాల్లోకి చొరబడతాయి, కొత్తది తెరవండి. పోస్టును థీసిస్‌లో ఉన్నదున్నట్టు పెట్టినా చిక్కే, పేరు తీసేసినా ఆ వాక్యాన్ని సెర్చ్‌లో కొడితే మనిషి దొరికిపోతాడు. ఎథిక్స్ అనుమతి డేటా సేకరణకు ముందే చేతికి రావాలి. వారాలు పడుతుంది, మైనర్లుంటే ఇంకా ఎక్కువ.

ఇద్దరు గైడ్ల వ్యవహారం కూడా ఉంది. సోషియాలజీ ఆవిడ శాంపిల్ ఎక్కడ అంటారు. సినిమా చదువుల ఆయన ఒక్క షాట్‌నైనా నిదానంగా చదవలేదేం అంటారు. ఇద్దర్నీ మెప్పించబోయి థీసిస్ రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. మొదటి నెలలోనే ఒక్క పేజీ రాసి ఇద్దరికీ ఒకే మెయిల్‌లో పంపండి: ప్రశ్న, మెటీరియల్, పద్ధతి, ఏం దొరికితే నా ఊహ తప్పని ఒప్పుకుంటాను. ఇద్దరూ సరే అన్నాకే ముందుకెళ్లండి. తర్వాత గొడవొస్తే ఆ మెయిలే మీకు ఆధారం.

పీహెచ్‌డీ ఆలోచన ఉంటే ఎలక్టివ్‌లు చెల్లాచెదురుగా తీసుకోవద్దు. అడ్మిషన్ కమిటీలో కూర్చునేవాళ్లు ఏదో ఒక శాఖ మనుషులే, మీ ట్రాన్స్‌క్రిప్ట్‌లో తమ శాఖ మెథడ్స్ పేపర్ కోసమే వెతుకుతారు. ఒకే శాఖలో కనీసం రెండు మెథడ్స్ పేపర్లు చేసి ఉండాలి. ఆడియన్స్ రీసెర్చ్, యూఎక్స్ రీసెర్చ్ (యాప్‌లు, సైట్లు వాడేవాళ్ల అనుభవంపై పరిశోధన), ప్లాట్‌ఫామ్ పాలసీ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు ఇంటర్వ్యూకి థీసిస్ పీడీఎఫ్ తీసుకెళ్లకండి, ఎవరూ తెరవరు. కోడ్‌బుక్, ఇంటర్వ్యూ గైడ్, శుభ్రం చేసిన డేటా షీట్, రెండు పేజీల ఫలితాలు తీసుకెళ్లండి.