గాడిదని తిట్టుగా వాడే పెద్దమనుషులకు

ఇందాకే ఒక పెళ్ళి భోజనాల నుంచి వచ్చా. ఒంట్లో మంట ఇంకా చల్లారలేదు. వడ్డించే కుర్రాడి చేతిలో సాంబారు బకెట్టు కాస్త ఒలికింది. నేల మీదే, ఎవరి బట్టల మీదా పడలేదు. అంతే, నా ఎదుటి బంతిలో కూర్చున్న ఒక పెద్దమనిషి లేచి, "గాడిదా! గాడిదలు కాసుకోక వడ్డనకెందుకు వచ్చావురా?" అని అరిచాడు. చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. ఆ పిల్లాడు మాట్లాడకుండా గుడ్డ తెచ్చి తుడిచాడు.

గాడిదలు కాయడం అంత నీచమైన పనా సారూ? మా తాత కాశాడు. మా నాన్న కాశాడు. మా ఇంట్లో పొయ్యి వెలిగింది ఆ గాడిదల మీదే. మీ ఇంటి పట్టుచీరలూ, మీ పక్క దుప్పట్లూ, మీ పురిటి గుడ్డలూ రేవుకి మోసుకెళ్ళి తిరిగి మీ గుమ్మంలోకి తెచ్చింది ఆ గాడిదలే. అప్పుడు పనికొచ్చిన జంతువు ఇప్పుడు తిట్టుకి పనికొస్తోంది.

అసలు ఏ తప్పుకి దాన్ని తిడుతున్నారో ఒక్కరైనా చెప్పండి. చదువు రాకపోతే గాడిద. ఎత్తుగా ఎదిగితే అడ్డగాడిద. ఖాళీగా కూర్చుంటే "గాడిదలు కాస్తున్నావా" అంటారు. ఒళ్ళు విరిగేలా పనిచేస్తే దానికీ గాడిద చాకిరీ అనే పేరు. నమ్మని మాటకి గాడిద గుడ్డు. గంధపు వాసన దానికేం తెలుసని ఇంకో సామెత. సోమరీ గాడిదే, కష్టపడేవాడూ గాడిదేనా? వసుదేవుడంతటివాడు అవసరమొచ్చి గాడిద కాళ్ళు పట్టుకున్నాడంటారు, అక్కడ కూడా జాలి వసుదేవుడి మీదే.

సంస్కృతం తెలిసినవాళ్ళు ఇంత చిన్నచూపు చూడలేదు. అమరకోశం దీనికి ఐదు పేర్లు చెప్పింది: చక్రీవంతం, బాలేయం, రాసభం, గర్దభం, ఖరం. ఋగ్వేదంలో అశ్వినీ దేవతల రథానికి కట్టింది ఆ రాసభాన్నే. దేవతల వైద్యులకి బండి లాగిన జంతువు మన వీధిలోకి వచ్చేసరికి తిట్టైపోయింది.

మా నాన్న మూటలు దించాక వాటి ముందరి కాళ్ళకి తాడు బంధం వేసి గట్టు మీద వదిలేవాడు. అవి గెంతుకుంటూ పోయి గడ్డి పరకలు కొరుక్కునేవి. మూట ఆనినచోట వీపు మీద బొచ్చు చెమటకి అతుక్కుపోయి ఉండేది. నాన్న తన తలగుడ్డ తీసి అక్కడ రుద్దేవాడు. ఒక వానాకాలం కాలవ దాటేచోట మా పెద్ద గాడిద ఆగిపోయింది. ఎంత అదిలించినా అడుగు వెయ్యదు. నాన్న కర్ర దించి చూస్తే నీళ్ళ కింద గట్టు కోసుకుపోయి ఉంది. గుర్రం బెదిరితే పరిగెడుతుంది, గాడిద బెదిరితే నిలబడి చూస్తుంది. దాన్ని పట్టుకుని మొండి, మొద్దు అంటారా? ఆ రోజు దానికి మొండితనం లేకపోతే మా నాన్న కాలవలోనే పోయేవాడు.

బడిలో సంగతి ఇన్నేళ్ళయినా మర్చిపోలేదు నేను. "కడివెడైననేమి ఖరము పాలు" అని తెలుగు మాస్టారు పద్యం చదివి, ఖరమంటే ఏంట్రా అని అడిగితే క్లాసంతా నా వైపు తిరిగింది. ఆయన ఆపలేదు, తనూ నవ్వాడు. ఆ తర్వాత పదో తరగతి దాకా నా పేరుతో నన్ను పిలిచినవాడు లేడు. అలా నవ్విన ఇళ్ళలోనే పసిపిల్లకి ఆయాసమొస్తే తెల్లారకుండా మా గుమ్మం ముందు ఉగ్గుగిన్నె పట్టుకుని నిలబడేవాళ్ళు, "నాలుగు చుక్కలు పిండి పెట్టమ్మా" అని. (ఆయాసమొస్తే పిల్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలంటా నేను, అది వేరే గొడవ.) పద్యంలో పనికిరాని పాలు పిల్ల గొంతులోకి ఎలా పనికొచ్చాయో ఆ మాస్టారే చెప్పాలి.

అన్నిటికన్నా కడుపు మండేది మాంసం సంగతి. 2012 పశుగణనలో దేశం మొత్తం మీద సుమారు 3.2 లక్షల గాడిదలున్నాయి. 2019కి 1.2 లక్షలకి పడిపోయాయి. వందకి అరవై పైన మాయం! ఆటోలూ వాషింగ్ మెషీన్లూ వచ్చి మోత పని పోయిందన్నది నిజమే. కానీ అన్నీ వాటంతట అవే పోలేదు. చైనాలో ఎజియావో అనే మందుకి గాడిద తోలు కావాలి, దానికోసం దేశదేశాల్లో కోస్తున్నారు. మన దగ్గర ప్రకాశం, గుంటూరు, కృష్ణా, పశ్చిమ గోదావరి వైపు దొంగచాటుగా కోసి అమ్ముతుంటే నడుం నొప్పి తగ్గుతుందని, మగతనం పెరుగుతుందని ఎగబడి కొంటున్నారు. బయటి రాష్ట్రాల నుంచి లారీల్లో కుక్కి తెస్తున్నారు. ఆహార భద్రత నిబంధనల్లో మాంసానికి కోయదగ్గ జంతువుల జాబితాలో గాడిద లేనేలేదు. అయినా ఆగదు. "గాడిదా" అని ఎదుటివాణ్ణి తిట్టిన నోటితోనే బలం కోసం దాని మాంసం నములుతున్నారు, సిగ్గు లేకుండా.

మా ఆఖరి గాడిదని కొన్నవాడు ఇటుక బట్టీకని చెప్పి తోలుకుపోయాడు. అది బట్టీకి పోలేదని తర్వాత తెలిసింది. ఆ డబ్బు అప్పటికే నా కాలేజీ ఫీజుకి కట్టేశాం. నాన్నకి ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు, చెప్పను కూడా.

"లైట్ తీసుకో అన్నా, మాటవరసకి అంటారు" అని కామెంట్ పెట్టబోయేవాళ్ళకి ముందే చెప్తున్నా. మీ నాన్న చేసిన పనిని తిట్టుగా వాడి నలుగురిలో నవ్విన రోజున రండి, అప్పుడు మాట్లాడుకుందాం. అప్పటిదాకా నా గోడ మీద ఆ మాట రాసినవాణ్ణి, చుట్టమైనా సరే, బ్లాక్ చేస్తా.