మా పీజీ సీలింగ్ ఫ్యాన్ అన్నకి

ఫ్యాన్ అన్నా,

బెంగళూరు మారతహళ్లి, త్రీ షేరింగ్, నీ కింద మంచం నాదే. నువ్వు నన్ను ఏనాడూ పట్టించుకోలేదు గానీ నేను రికార్డ్ చేసిన ప్రతి పాటలో ఉన్నావ్, చెప్పాపెట్టకుండా. వేణువు మీద సూపర్ మారియో గేమ్ ట్యూన్ వాయించి ఇంటికి పంపిస్తే మా అమ్మ "బాగుంది నాన్నా, వెనకాల ఎవరో గ్రైండర్ వేసినట్టున్నారు" అంది.

నీది గొప్ప వంశమేలే. 1985లో ఆ గేమ్ వచ్చిన నింటెండో డబ్బాలో సౌండ్‌కి ఉన్నవే 5 చానళ్లు, అందులో ఒకటి నాయిస్ చానల్, ఉత్త బుస్సుమనే చప్పుడు, ఆ ట్యూన్ కట్టిన కోజి కొండో దాన్నే ముక్కలు చేసి డ్రమ్స్‌లా వాడుకున్నాడు. ఆ ట్యూన్ 2023లో అమెరికా వాళ్లు భద్రంగా దాచుకోదగ్గ రికార్డింగుల జాబితా, నేషనల్ రికార్డింగ్ రిజిస్ట్రీకి ఎక్కింది, గేమ్ మ్యూజిక్‌లో అదే మొదటిది. నువ్వేమో దాని మీద తాళం తప్పి టక్ టక్.

నిన్ను తీసేయాలని చూడకపోలేదు. ముందు 10 సెకన్లు నీ ఒక్కడి చప్పుడే రికార్డ్ చేసి నాయిస్ రిడక్షన్‌కి శాంపిల్ ఇచ్చి ఫుల్లుగా పెట్టేశా, నువ్వు పోయావ్, నీతో పాటు వేణువులో ఊపిరీ పోయింది, దానికి రెండూ ఒకటే మరి, బిందెలో తలపెట్టి ఊదినట్టు వచ్చింది. కొంచెం కొంచెం తగ్గించుకోవాలంట, అంతే. కీబోర్డ్ వాడికి వైరు గుచ్చేస్తే అయిపోయె, నాకు మైక్ తప్పదు కదా. చివరికి నిన్నే ఆపేస్తే రూమ్మేట్ "రేయ్, ఏప్రిల్ రా ఇది, నీ మారియో వచ్చి విసురుతాడా?" అన్నాడు. కరెక్టే. ఇప్పుడు అర నిమిషం ముక్కలుగా వాయించి అతికిస్తున్నా, ముక్క ముక్కకీ నిన్ను ఆపడం, వెయ్యడం.

అంతా చేసి యూట్యూబ్‌లో వీడియో పెడితే గంటలో కాపీరైట్ క్లెయిమ్, ట్యూన్ మాదని. మా అమ్మకి గ్రైండర్ వినపడింది, పాటలు పోల్చి పట్టే యూట్యూబ్ మెషిన్‌కి మాత్రం ట్యూన్ దొరికిపోయింది చూడు. స్ట్రైక్ కాదులే, వీడియో ఉంటుంది, యాడ్ డబ్బులే వాళ్లకి పోతాయి. ఊదింది నేనే కదా అని డిస్ప్యూట్ పెట్టబోయి ఆగా, ఊపిరి నాదే గానీ ట్యూన్ నాది కాదు. కింద "క్రెడిట్స్ టు ఓనర్" అని రాస్తే మర్యాదే తప్ప లైసెన్స్ కాదు. పాటల యాప్స్‌లో పెట్టాలంటే పాటల్ని యాప్స్‌కి చేర్చే డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఇది కవర్, అంటే వేరేవాళ్ల పాట నేను వాయించింది అని చెప్పి లైసెన్స్ తీసుకోవాలి, వీడియోకి అదీ చాలదు. మన కాపీరైట్ చట్టంలో 31సి ఉందని సంబరపడ్డా, అసలు రికార్డింగ్ వచ్చిన ఏడాది పోయాక 5 ఏళ్లు ఆగితే కవర్ చేసుకోవచ్చు, కాకపోతే ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ కట్టాలి. నా వీడియోకి వ్యూస్ 212, అందులో నలభై నావే.

అందుకే ఇప్పుడు టెట్రిస్ పట్టుకున్నా. ఆ ట్యూన్ రష్యా జానపదం, 19వ శతాబ్దంది, గేమ్ వాళ్ల అరేంజ్‌మెంట్ ఎత్తుకురాకుండా నా పద్ధతిలో వాయిస్తే సరి. దానికీ ఏదో మెషిన్ క్లెయిమ్ పంపిస్తే ఈసారి డిస్ప్యూట్ పెడతా, భయం లేదు.

శనివారం రాత్రి ఇద్దరూ ఊరెళ్తున్నారు, నిన్ను ఆపి పొద్దున దాకా ఊదుతా. బేరింగ్ మార్చమని ఓనర్ ఆంటీకి మళ్లీ చెప్పా, రెంట్ పెంచుతా అంది.

ఇట్లు,
నీ కింద మంచం