కాన్పు గదిలో కనిపించే అతుకులు

కడుపులో బిడ్డ కాళ్లు ఆడించే వీడియో ఒకటి పెట్టి, ‘అండం, వీర్యకణం, గర్భసంచి ఇంత చక్కగా కుదరడం దానంతటదే జరిగిందా? వెనక ఓ తెలివైనవాడు ఉండి తీరాలి’ అనడం మామూలైపోయింది. అమెరికాలో ఈ వాదనకు ‘ఇంటెలిజెంట్ డిజైన్’ అని పేరు. ఆ వీడియో చూస్తే మాకూ ఒళ్లు పులకరిస్తుంది. దాన్ని సైన్సు అనడంతోనే పేచీ.

అండం ప్రయాణమే చూడండి. అండాశయానికీ ఫెలోపియన్ ట్యూబుకూ నేరుగా అతుకు లేదు. విడుదలైన అండాన్ని ట్యూబు చివరి కుచ్చులు తడిమి లోపలికి లాక్కోవాలి. ఒక్కోసారి పిండం గర్భసంచి దాకా రాక ట్యూబులోనే పాతుకుపోతుంది. వంద గర్భాల్లో ఒకటి రెండు ఇలాంటివే. ట్యూబు పగిలిందా, తల్లి ప్రాణం మీదికొస్తుంది. మగవారి సంగతీ అంతంతే. వృషణాలు ఎక్కడో మూత్రపిండాల దగ్గర పుట్టి గజ్జల గుండా కిందికి దిగుతాయి. దిగిన దారి బలహీనపడి హెర్నియాకు చోటిస్తుంది. చేపల వంటి పూర్వీకుల నుంచి మారుతూ వచ్చిన ఒళ్లు ఇది అనుకుంటే అర్థమవుతుంది. కొత్తగా గీసిన ప్లాను అంటే మాత్రం ఇంజినీరును నిలదీయాల్సిందే.

ఇక కాన్పు. నిటారుగా నడిచే మనిషి కటి ఇరుకు, బిడ్డ తల పెద్దది. మెలి తిరుగుతూ బయటికి రావాలి. ‘ఆడదానికి కాన్పు పునర్జన్మ’ అని మన పెద్దలు ఊరికే అనలేదు.

అన్నిటికంటే వింత మావి (ప్లాసెంటా) సంగతి. తల్లికీ బిడ్డకూ మధ్య ఉండే పొరలో కణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడానికి సిన్సిటిన్ అనే ప్రోటీన్ కావాలి. దాని జన్యువు రెండు కోట్ల ఏళ్లకు పైగా కిందట మన పూర్వీకులకు సోకిన ఓ రెట్రోవైరస్‌ది, అంటే తన జన్యువులను సోకిన జీవి డీఎన్‌ఏలోనే అతికించేసే రకం వైరస్‌ది. రోగం మోసుకొచ్చిన సరుకుతో తల్లి కడుపులో పని జరుగుతోంది!

డిజైన్ లోపం లేకుండా ఉండాలని మేమన్నామా అంటారు వాదించేవారు. బాగుంటే తెలివికి సాక్ష్యం, బాగోకపోతే అంతుచిక్కని లీల. ఏం కనిపించినా ఓడిపోని మాటను పరీక్షించేదెలా? అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని డోవర్ స్కూలు బోర్డు ఈ వాదనను క్లాసులోకి తెస్తే తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. అది సైన్సు కాదని 2005 డిసెంబరు 20న జడ్జి జాన్ జోన్స్ తీర్పు చెప్పారు. ఆయన్ను నియమించింది ఏ నాస్తికుడో కాదు, అధ్యక్షుడు జార్జ్ బుష్. ఆ విచారణలోనే ఇంటెలిజెంట్ డిజైన్ తరఫు సాక్షి మైకేల్ బీహీ, సైన్సుకు తానిచ్చే నిర్వచనం ప్రకారం జ్యోతిషం కూడా శాస్త్రీయ సిద్ధాంతమే అవుతుందని ఒప్పుకున్నారు. మన పంచాంగకర్తలు వింటే సంబరపడేవారు.

మన దగ్గరా నవ్వుకునే పరిస్థితి లేదు. కౌరవులు టెస్ట్‌ట్యూబ్ బేబీలని 2019 జనవరిలో సైన్స్ కాంగ్రెస్ వేదిక మీద చెప్పింది అప్పటి ఆంధ్రా యూనివర్సిటీ వీసీయే. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో ‘అనువంశికత, పరిణామం’ అధ్యాయం ఉత్త ‘అనువంశికత’ అయింది. పరిణామాన్ని తిరిగి పెట్టాలని 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు బహిరంగ లేఖ రాశారు. పన్నెండో తరగతిలో ఉందిగా అన్నది జవాబు. పది కాగానే ఎంపీసీకో సీఈసీకో పోయే పిల్లలు ఆ పాఠం ముఖమే చూడరు. పదో తరగతిలోనే దాన్ని మళ్లీ పెట్టాలని మేము కోరుతున్నాం.