శాతం పెంచే శాస్త్రం

ఏటా పదో తరగతి ఫలితాలు రాగానే ప్రతి మండలంలోనూ ఒక జాబితా తయారవుతుంది. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలన్నింటినీ ఉత్తీర్ణత శాతం ప్రకారం వరుసగా నిలబెట్టే ఆ జాబితాను కొందరు తప్పుపడుతుంటారు గాని, మన పాలనలో అంతటి నిష్పాక్షికమైన పత్రం మరొకటి లేదని నా దృఢాభిప్రాయం. అది ఏ బడినీ ఏ ప్రశ్నా అడగదు. వానాకాలంలో వాగు దాటి పిల్లలు వచ్చారా, మధ్యాహ్న భోజనం వండే ఆవిడకు బిల్లు అందిందా అన్న అల్ప విషయాల జోలికి పోకుండా, ఒకే ఒక్క అంకెతో ఊరి ప్రతిష్ఠను తేల్చేస్తుంది.

ఉదాహరణకు ఒక మండలాన్ని ఊహించుకుందాం. రహదారి మీది బడిలో 140 మంది పరీక్ష రాసి 119 మంది గట్టెక్కారు, శాతం 85. లోపలి ఊరి బడిలో రాసింది 8 మంది, ఎనిమిది మందీ పాసయ్యారు, శాతం నూరు. కొండ కింది బడిలో 22 మందికి 11 మంది, శాతం 50. శాలువా రెండో బడికి, సంజాయిషీ నోటీసు మూడో బడికి, మౌనం మొదటి బడికి దక్కుతాయి. మరుసటి ఏడు శాలువా బడిలో ఎనిమిది మందిలో ఒక్క పిల్లవాడు సరిగ్గా సాంఘిక శాస్త్రం పరీక్షనాడు జ్వరంతో పడుకున్నాడనుకోండి, బడి ప్రమాణాలు ఒక్క పూటలో పన్నెండున్నర శాతం పడిపోతాయి. ఇంత సున్నితమైన కొలమానం వైద్యశాస్త్రంలో సైతం ఉండకపోవచ్చు.

కొండ కింది బడి ఎందుకు వెనకబడిందన్నది ప్రధానోపాధ్యాయుడి దక్షతకు సంబంధించిన విషయమే తప్ప, అక్కడ రెండేళ్లుగా లెక్కల పోస్టు ఖాళీగా ఉండడానికీ దానికీ సంబంధం లేదని జాబితా స్పష్టంగా చెబుతోంది. అలాంటి ఊళ్లకు మాస్టార్లను రప్పించడానికి ప్రభుత్వం చేయగలిగినది చేస్తూనే ఉంది. రోడ్డు సౌకర్యం లేని ఊళ్లను నాలుగో కేటగిరీగా గుర్తించి, అక్కడ పనిచేసిన వారికి బదిలీల్లో ఎక్కువ పాయింట్లు ఇస్తోంది. ఆ పాయింట్లు అక్కడి నుంచి బయటపడడానికే పనికొస్తాయన్నది వేరే సంగతి.

అసలు కిటుకు భిన్నాల పాఠంలోనే ఉంది. శాతం పెరగాలంటే లవం పెంచాలి, లేదా హారం తగ్గించాలి. లవం పెంచాలంటే పిల్లలకు చదువు చెప్పాలి. అందుకు టీచర్లు, ఏళ్లు, ఓపిక కావాలి. హారం తగ్గించడానికి ఒక టీసీ చాలు. తొమ్మిదో తరగతిలో వెనకబడిన కుర్రవాడి తండ్రిని పిలిపించి, ఓపెన్ స్కూల్లో కట్టిస్తే బాబుకు సుఖంగా ఉంటుందని హితవు చెబితే, బాబు సంగతి ఎలా ఉన్నా బడి సుఖపడుతుంది. కొన్నిచోట్ల ఆ శ్రమ కూడా అక్కర్లేదు. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు మిర్చి కోతలకు తరలిపోయేది సరిగ్గా పరీక్షల ముందు నెలల్లోనే. అయితే పాఠాలకు దూరమైన ఆ పిల్లలు పరీక్ష రాయడానికి మాత్రం తిరిగొస్తే హారం తగ్గదు. 2024లో ఆ జిల్లా 62.47 శాతంతో రాష్ట్రంలో చిట్టచివర నిలవడానికి కారణం పిల్లల అశ్రద్ధేనని మనం తీర్మానించుకోవచ్చు; తీర్మానానికి మిర్చి ఘాటు తగలదు కదా.

ప్రవేశ పరీక్ష పెట్టి ఐదో తరగతికి గురుకులాలూ, ఆరో తరగతికి ఆదర్శ పాఠశాలలూ చురుకైన పిల్లలను ఏరుకున్నాక, మిగిలిన వారికి చదువు చెప్పే బడులను వాటి పక్కనే నిలబెట్టి పోల్చడాన్ని నేను సమానత్వంగానే భావిస్తాను. ఆ మిగిలినవారి కోసం వంద రోజుల ప్రణాళిక ఉండనే ఉంది. పిల్లలను షైనింగ్ స్టార్స్, రైజింగ్ స్టార్స్ అని విడదీసి, తొమ్మిదేళ్లలో రాని చదువును వంద రోజుల్లో రప్పించే ఆ పథకంలో వెనకబడిన విద్యార్థి అనేవాడే ఉండడు, అందరూ నక్షత్రాలే.

ఆంధ్రప్రదేశ్ ఉత్తీర్ణత 2023లో 72.26 శాతం, 2024లో 86.69, 2025లో 81.14. అంటే రాష్ట్రంలోని పిల్లల తెలివి ఒక్క ఏడాదిలో పద్నాలుగు పాయింట్లు పెరిగి, మరుసటి ఏడు ఐదున్నర తగ్గింది. దీనికి వాతావరణం కారణమేమో పరిశీలించాలి.

నిజానికి అడగదగిన పోలిక ఒకటుంది. పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు జిల్లాలు రెండూ 2022 ఏప్రిల్ 4న ఏర్పడ్డాయి. రెండింటిలోనూ కొండలే, గిరిజన గూడేలే, ఆశ్రమ పాఠశాలలే. 2025లో మన్యం 93.90 శాతంతో మొదటి స్థానంలోనూ, అల్లూరి 47.64తో ఆఖరి స్థానంలోనూ నిలిచాయి. మన్యంలో జరిగినది అల్లూరిలో ఎందుకు జరగలేదో వెళ్లి చూసి రావడానికి ఒక జీపు, నాలుగు రోజులు చాలు. కాని జాబితాలో స్థానం తెలిశాక కారణం వెతకడం జాబితాను అవమానించడమే అవుతుంది గనుక, ఆ మాట ఎవరూ ఎత్తరు.

అదే ఏడాది 19 బడుల్లో ఒక్కరూ ఉత్తీర్ణులు కాలేదు. నా విన్నపం వాటి గురించి కాదు. పిల్లలు తగ్గి తగ్గి, పరీక్ష రాసేవారే లేకుండా పోతున్న బడుల గురించి. వాటిలో తప్పినవారు ఒక్కరూ లేరు. ఆ లెక్కన అవి నూరు శాతం బడులే అవుతాయి, శాలువాకు అర్హమైనవే. హారం సున్నా అయినప్పుడు శాతం ఎలా కట్టాలో నియమావళిలో లేదని అధికారులు అభ్యంతరం చెప్పవచ్చు. అందుకు కొండ కింది బడిలో లెక్కల మాస్టారి అభిప్రాయం తీసుకుంటే సరిపోతుంది, ఆ పోస్టు భర్తీ అయిన వెంటనే.