సూదులు ఎన్నో లెక్కపెట్టారా?
ఆక్యుపంక్చర్‌లో, అంటే ఒంట్లో సన్నని సూదులు గుచ్చి చేసే చికిత్సలో, పొరపాట్లు చాలావరకు అనుభవం లేనివాళ్ల వల్లే జరుగుతాయని మీ వ్యాసంలో రాశారు. సగమే ఒప్పుకుంటాను. మాది మహారాష్ట్రలోని బల్లార్షా. మా అత్తమ్మ మోకాళ్ల నొప్పులు, తలనొప్పి అని చంద్రపూర్‌లో ఒకాయన దగ్గరికి వెళ్లేది. ఇరవై ఏళ్లుగా చేస్తున్న మనిషి. ఒకరోజు ఇంటికొచ్చి జడ విప్పుకుంటుంటే వేలికి ఏదో గుచ్చుకుంది. చూస్తే జుట్టులో సూది! ఆయనకు పని రాక కాదు, ఆ రోజు ముగ్గురిని ఒకేసారి పడుకోబెట్టి, ఫోన్ మాట్లాడుతూ సూదులు తీశాడు. గుచ్చినవి ఎన్ని, తీసినవి ఎన్ని అని కాగితం మీద రాసుకుంటే సరిపోయేది. అప్పటినుంచి అత్తమ్మే తెలుగులో పైకి లెక్కపెట్టేది, ఆయన నవ్వుకునేవాడు. ఇంకోటి, అత్తమ్మ రక్తం పలచబడే మాత్ర వాడుతోంది; సూది గుచ్చితే రక్తం ఎక్కువ కారొచ్చు కాబట్టి ఆ సంగతి ఆయనకు తెలియాలి. ఆయన మరాఠీలో ఏం అడిగాడో ఏమో, ఈమె అర్థం కాకుండానే అన్నిటికీ 'హో, హో' (అవును, అవును) అనేసింది. ఇలాంటిచోట అనుభవం ఏం చేస్తుంది? వ్యాసంలో లేని మాట ఒకటి: భుజాలమీద, వీపు పైభాగంలో సూది మరీ లోతుగా దిగితే ఊపిరితిత్తికి తగలొచ్చు. అరుదే, కానీ ఆయాసం, ఛాతీనొప్పి కొన్ని గంటల తర్వాత కూడా మొదలవ్వచ్చు. అలాంటప్పుడు సూదుల సంగతి చెప్పి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే ఆక్యుపంక్చర్ భద్రతపై మార్గదర్శకాలు ఇచ్చింది. మహారాష్ట్రలో దీనికి విడిగా చట్టమే ఉంది కాబట్టి, రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.